గోడ మీది కన్ను

మే నెల. తెల్లారగానే ఇనుప గనుల ఊరు కిరండుల్‌లో ఉక్కపోత మొదలైంది. నీలకంఠం మాత్రం ఇంట్లో మంకీ క్యాప్ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. నోరు తెరిస్తే పొగ వస్తోందని అతనే చెప్పాడు. మనం కాదనడమెందుకు?

గోడ మీద అరచేతంత పెట్టె ఉంది. అందులో పద్దెనిమిది అంకె వెలుగుతోంది. నీలకంఠం లేచి దాన్ని ఇరవై ఆరుకి తిప్పాడు. తిరిగొచ్చి కూర్చునేలోపు అది మళ్లీ పద్దెనిమిదికి దిగింది.

ఆ పెట్టెను బిగించింది అతని భార్య పోలమ్మ అన్న కొడుకు శ్యామ్‌ప్రసాద్. విశాఖపట్నంలో ఏసీల పని చేస్తాడు.

"దీన్ని స్మార్ట్ థర్మోస్టాట్ అంటారు మావయ్యా. ఇక ఏసీని ఇదే చూసుకుంటాది. అత్త ఎక్కడున్నా ఫోన్లోంచి దీంతో మాటాడొచ్చు."

"మీ అత్తకి మాటాడ్డానికి నేనొక్కణ్ణీ సాలనేట్రా?"

పోలమ్మ నవ్వలేదు. మర్నాడు ఆమె కూతురు ఊర్మిల పురిటికి విశాఖపట్నం వెళ్తోంది.

"ఆ పెట్టికి కన్నుంది" అంది మొగుడితో. "గదిలో మడిసి నేకపోతే నా ఫోనుకి తెలిసిపోద్ది. డాక్టరు మిమ్మల్ని కదలొద్దన్నాడు. గడప దాటారంటే, కూతురు నొప్పులు పడతన్నా సరే, వదిలేసి రైలెక్కొచ్చేస్తాను."

మెయిను ఆపేస్తే కన్ను మూతపడుతుందట. కన్ను మూతపడ్డా ఆమెకి తెలుస్తుందట.

అంతకు కొద్ది రోజుల ముందే నీలకంఠం వాకిట్లో కళ్లు తిరిగి పడ్డాడు. ఒంట్లో చక్కెర, రక్తపోటు రెండూ కొండెక్కి ఉన్నాయి. అతను పరీక్ష బల్ల దిగి, చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చేసరికే డాక్టరు చెప్పాల్సిందంతా పోలమ్మకి చెప్పేశాడు.

నీలకంఠం రైల్వేలో కీమేన్‌గా చేశాడు. సుత్తి భుజాన వేసుకుని, పట్టాల బిగింపులు చూసుకుంటూ ఎండా వానా అనకుండా నడిచినవాడు. రిటైరైన రోజు సుత్తి అప్పజెప్పి, కాళ్లకి కూడా రిటైర్మెంటేనని ప్రకటించి, ఈ కుర్చీలో కూలబడ్డాడు. మూడేళ్లు కూర్చున్నా కుర్చీ కుర్చీలాగే ఉండేది. కదలొద్దన్న మర్నాటి నుంచీ జైలైపోయింది.

పొద్దున్నే గది గడ్డకట్టేది. కిటికీలోంచి ఖనిజం రైళ్లు కనిపించేవి. వాటిని చూస్తే కుళ్లు పుట్టేది.

ఒక రోజు కిటికీ దగ్గర జోగ ఆగాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గ్యాంగులో పనిచేశారు. జోగ ఇప్పుడు కొండవతల పల్లెలో పందెం కోళ్లు పెంచుతాడు. అంగడికి పోతున్నాడు, నెత్తిన గంప ఉంది.

"ఏం భాయ్, మే నెల్లో టోపీ ఏటి?"

నీలకంఠం తన గోడంతా చెప్పుకున్నాడు. జోగ ఊచల మధ్యనుంచి పెట్టెను చాలాసేపు చూశాడు.

"అది మడిసినే చూస్తాదా, ప్రాణం ఉంటే సాలా?"

అది శ్యామ్‌ప్రసాద్ చెప్పలేదు. చూస్తే పోలా అనుకున్నారు. జోగ గంపలోంచి ఒక పుంజును తీసిచ్చాడు. నీలకంఠం దాన్ని మంచం కోడుకి కట్టి, గింజలు చల్లి, పెరట్లోకి వెళ్లి చెట్టు చాటున నిలబడ్డాడు. ఫోను మోగలేదు. ఇంకాసేపు నిలబడ్డాడు. ఊహూఁ. బెయిలు దొరికినట్టయింది.

ఆ తర్వాత రోజూ అదే వరస. గది చల్లబడగానే పుంజును కాపలా పెట్టి జారుకునేవాడు. రోడ్డున పోతే రైల్వే వాళ్లెవరో ఒకరు పోలమ్మకి చేరవేస్తారు. అందుకని కొండ చుట్టూ తిరిగి, వాగు దాటి, మేకల దారిన జోగ పల్లెకి చేరేవాడు. కోళ్లకి జోగ చేయించే కసరత్తు చూసి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చేవాడు. చిత్రం, అప్పటికి గది ఇరవై ఆరులో హాయిగా ఉండేది. పెట్టెకి పైత్యం అనుకునేవాడు. పుంజు మాత్రం ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చుని, అతను తాడు విప్పబోతే పొడిచేది.

అయినా లోపల భయం భయంగానే ఉండేది. డాక్టరు వద్దన్న పనే చేస్తున్నాడు. మిట్ట ఎక్కుతూ గుండె దడదడలాడితే ఇదే ఆఖరనుకునేవాడు. ఇక్కడ పడిపోతే తన కోసం ఎదురుచూసేది ఆ పుంజొక్కటే. పోనీ ఇంట్లోనే ఉందామంటే ఆ పద్దెనిమిది ఉండనివ్వదు.

పోలమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేసేది.

"గదిలో తెగ తిరుగుతున్నారంట. పెట్టి చెప్తంది."

"కాళ్లు పట్టేస్తే రెండడుగులేశాను."

సరిగ్గా అప్పుడే పుంజు కూసింది.

"అదేటి?"

"టీవీ."

"బాగా కూసింది" అని ఆమె పెట్టేసింది.

ఊర్మిలకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కుదుటపడ్డాక పోలమ్మ తిరిగొచ్చింది. పుంజు అప్పటికే జోగ ఇల్లు చేరింది. గదిలో ఈక కూడా లేదు. ఆమె సంచీ దించి, నేరుగా మొగుణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్లింది. దొరికిపోయాననుకున్నాడు నీలకంఠం. డాక్టరు యంత్రం ముందు ఏ కోడీ కాపలా ఉండదు.

డాక్టరు రక్తపోటు చూశాడు. నమ్మకం కుదరక మళ్లీ చూశాడు. రక్తపరీక్ష కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"ఏం చేశారు మీరు?"

నీలకంఠం లేచి నిలబడ్డాడు. "ఏటీ సెయ్యనేదండి. గదిలోంచి కదిలితే ఒట్టు."

డాక్టరు కళ్లద్దాలు తీసి పోలమ్మ వైపు తిరిగాడు. బరువు తగ్గింది, చక్కెర దిగింది, ఈయన చూస్తే కదల్లేదంటున్నాడు, ఇదెలాగమ్మా అని అడిగాడు.

పోలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరు నడవమన్నారంటే కదిలే మడిసి కాదండీ, అందుకే కదలొద్దన్నారని చెప్పి, రోజూ పొద్దున్నే విశాపట్నం నించి ఫోన్లో నేనే గదిని గడ్డకట్టించాను."