గంజాయి తరఫున

"రెండు వైపులా మీరే రాసెయ్యండి మేడమ్," అంటూ ప్రిన్సిపాల్ వెంకట్రాజు గారు సర్క్యులర్ తెచ్చి నాగరత్నం చేతిలో పెట్టారు.

తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీలకి డిబేట్ పోటీ. గంజాయి టీనేజి పిల్లల ఆరోగ్యాన్ని నిజంగా దెబ్బతీస్తుందా, లేక అదంతా గోరంతని కొండంత చెయ్యడమా? కాలేజీకి ఇద్దరు. ఒకరు అటు, ఒకరు ఇటు.

"దెబ్బతీస్తుందనడానికైతే ఎవరైనా రాస్తారండీ. తియ్యదనడానికి ఏం రాస్తాం చెప్పండి? అయినా రూలు రూలే కదా."

"రాస్తానండీ," అంది నాగరత్నం.

కలిదిండి దగ్గర చేపల చెరువుల మధ్య చిన్న కాలేజీ అది. ఆవిడ తెలుగు లెక్చరర్. ఈ పోటీల సంగతి అందరికీ తెలిసిందే. లెక్చరర్లు రాస్తారు, పిల్లలు బట్టీ పడతారు, జడ్జీలు పిల్లల తెలివికి ముక్కున వేలేసుకుంటారు. పదహారేళ్లుగా ఆవిడ రాసిన స్పీచులకి వచ్చిన కప్పులతో ప్రిన్సిపాల్ గారి బీరువా నిండిపోయింది. ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు, అది వేరే సంగతి.

హాని లేదనే స్పీచ్ ఒక్క పూటలో అయిపోయింది. మూడు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు. అబద్ధాలు రాయడం ఎప్పుడూ సులువేనని స్టాఫ్ రూములో నవ్వుకున్నారు.

హాని ఉందనే స్పీచ్‌కి మాత్రం పన్నెండు రోజులు పట్టింది. ఒక డాక్టరు గారిని కలిసి రాసుకుంది. మెదడు పాతికేళ్లదాకా ఎదుగుతూనే ఉంటుందనీ, ఆ వయసులో అలవాటు పడితే జ్ఞాపకశక్తి, చదువు మీద ధ్యాస తగ్గుతాయనీ, కొందరికి లేని మాటలు వినిపిస్తాయనీ ఆయన చెప్పారు. ఆవిడ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. తలొంచుకుని రాసుకుంటూ పోయింది.

ఆ స్పీచ్ షారోన్‌కి ఇచ్చింది. మూడు పేజీలదేమో దుర్గాసాయికి. ఇద్దరూ ఫస్టియర్ పిల్లలే.

దుర్గాసాయి చదివి బుర్ర గోక్కున్నాడు.

"మేడమ్, ఇందులో 'సభకు నమస్కారం' లేదండీ. ఎవరో ఒక్కళ్లతో ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టుంది."

"నమస్కారాలు నువ్వు పెట్టుకో."

"భలే ఉందండీ. మా నాన్నకి చదివి వినిపిస్తే ఆయన కూడా నమ్మేస్తాడు."

నాగరత్నం షారోన్ వైపు తిరిగింది.

"మేడమ్, ఆదివారం కూడా ప్రాక్టీస్ పెట్టుకుందామా అండీ?" అని అడిగింది షారోన్.

"ఆదివారం కుదరదమ్మా. ఏలూరు వెళ్లాలి."

ఈమధ్య నాగరత్నానికి ఏదీ కావాలని అనిపించడం లేదు. అన్నం తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే. కానీ షారోన్ గెలవాలని మాత్రం గట్టిగా అనిపించింది. ఎవరో ఒకరు లేచి నిలబడి ఆ మూడు పేజీలకీ జవాబు చెప్పాలి. నలుగురూ విని ఔననాలి. అందుకే షారోన్‌కి రోజూ సాయంత్రం బస్సు వేళదాకా నేర్పింది. దుర్గాసాయికి నేర్పాల్సిన అవసరమే రాలేదు. వాడి స్పీచ్‌లో నాలుగు మంచి వాక్యాలు తీసేద్దామా అని కూడా ఒకసారి ఆలోచించింది. పసివాడికి అన్యాయం చెయ్యడానికి మనసొప్పలేదు.

పోటీ రోజు తాడేపల్లిగూడెంలో హాలు కిటకిటలాడింది. పక్కనున్న రైస్ మిల్లు నుంచి తవుడు వాసన వస్తోంది. షారోన్ ఒక్క ముక్క తప్పు పోకుండా చెప్పింది. వయసులు, శాతాలు, పరిశోధనలు. మర్యాదకి చప్పట్లు కొట్టారు.

తర్వాత దుర్గాసాయి లేచాడు.

"అదొక మొక్కండీ. ఫ్యాక్టరీలో చేసింది కాదు. సందుకో వైన్ షాపుంది, దాన్ని ఎవరూ ఏమీ అనరేం? కొన్ని దేశాల్లో డాక్టర్లే మందుగా రాసిస్తున్నారు. నన్ను చూడండి. మార్కులు తగ్గాయా? ఎవరితోనైనా గొడవ పడ్డానా? టెన్షన్ తగ్గుతుంది, నిద్ర పడుతుంది, అంతే. మీరు ఊరికే కంగారు పడిపోతున్నారు."

హాలంతా నవ్వింది. వెనక వరసలో నాగరత్నం పెదాలు వాడికంటే ఒక మాట ముందే కదులుతున్నాయి. రాసినవాళ్లకి అది మామూలే.

జవాబు చెప్పడానికి షారోన్‌కి రెండు నిమిషాలు ఇచ్చారు. కాగితంలో ఉన్నదంతా అప్పటికే అయిపోయింది. పిల్ల బిక్కమొహం వేసుకుని నాగరత్నం వంక చూసింది. నాగరత్నం కూడా అలాగే చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాలూ అయిపోయాయి.

జడ్జీల్లో పెద్దాయన, రిటైర్డ్ హెడ్మాస్టరు, మైకు అందుకున్నారు.

"అమ్మాయి చెప్పినవన్నీ నిజాలే. కానీ ఈ అబ్బాయి మనింట్లో పిల్లాడు మనతో మాట్లాడినట్టే మాట్లాడాడండీ. అన్నీ తెలిసిన నాకే, నిజమే కదా అనిపించింది. ఫస్ట్ ప్రైజ్ దుర్గాసాయికి."

చప్పట్లు మోగాయి. నాగరత్నం కూడా కొట్టింది. షారోన్ ఏడుస్తుంటే దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. ఏడుపు తనకీ వస్తుందేమోనని చూసింది. రాలేదు.

ప్రిన్సిపాల్ గారికి ఆనందం పట్టలేకుండా ఉంది.

"కప్పు మనదేనండీ! అది సరే గానీ మేడమ్, అన్ని మాటలు మీకెలా తట్టాయండీ? ఎక్కణ్ణించి తెచ్చారు?"

ఇప్పుడు ఏలూరు ఆసుపత్రిలో గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుకుంటూ కూర్చునే కొడుకు సూర్యతేజ, కిందటేడు అన్నం కంచం ముందు రోజుకొకటి చొప్పున చెప్తుంటే, నిజమేనేమోలే అని ఆవిడ తలూపిన మాటలే అవన్నీ.