బిల్లింగ్ ఫైలుకు తాళం

దళసరి కళ్లద్దాల వల్ల తోటివాళ్లు సోడాబుడ్డి అని పిలిచే ప్రోగ్రామరు ఆ ఉదయం కూడా అందరికంటే ముందే ఆఫీసుకొచ్చి, గుట్టుచప్పుడు కాకుండా బిల్లింగ్ ఫైలుకు తాళం వేసేశాడు. ఆ ఫైల్లో అతనికి పూచికపుల్లంత పని కూడా లేదు.

రాసిన ప్రోగ్రాములు భద్రంగా ఉంచుకోవడానికి ఏ సిస్టమ్ పెట్టుకోవాలా అని ఆఫీసులో తర్జనభర్జనలు జరుగుతున్నాయి. ఒకటి పాతకాలంది. ఎవరైనా ఫైలు తీసుకుంటే దానికి తాళం పడుతుంది, వాళ్లు వదిలేదాకా ఇంకొకరు వేలు పెట్టడానికి లేదు. రెండోది కొత్తది. అందులో ఎవరి కాపీ మీద వాళ్లు పనిచేసుకుని చివర్లో అన్నీ కలిపేసుకోవచ్చు. ముందు పాతదాన్ని వాడి చూద్దామన్నాడు మేనేజరు. రెండింటినీ కంప్యూటర్లలోకి ఎక్కించే పని బిల్లింగ్ చూసే అమ్మాయికి అప్పగించాడు.

తాళం వేసుకున్నవాణ్ని బతిమాలుకోవడానికి ఆ అమ్మాయి హాలు ఆ చివర నుంచి నడిచి రావాలి. సోడాబుడ్డికి కావలసిందీ అదే. ఆమె పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చునేది. ఇంకాస్త పనుందండీ అని ఇతను నీళ్లు నమిలేవాడు. ఈలోగా మాటల్లో పడి ఇద్దరూ ఫైలు సంగతే మర్చిపోయేవాళ్లు. నలుగురిలో నోరు పెగలని మనిషికి ఆమె ముందు ఎక్కడలేని కబుర్లూ వచ్చేవి.

టీములో పెద్దాయన, అందరూ బాబాయి అని పిలిచే టెస్టరు, ఇదంతా ఓ కంట కనిపెడుతూనే ఉన్నాడు. మొదటి మీటింగులో కొత్త సిస్టమే కావాలని గొంతు చించుకున్నది సోడాబుడ్డే. పాతదాన్ని పనికిరానిదిగా తేల్చడానికే కావాలని బిల్లింగ్ పని ఆపుతున్నాడని ఆయన మేనేజరు చెవిన వేశాడు. మేనేజరు మండిపడ్డాడు. కుట్ర నిజమైతే ఉద్యోగం ఊడుతుందని అందరి ముందూ చెప్పి, సంగతేమిటో తేల్చే పని ఆ అమ్మాయికే ఇచ్చాడు.

ఉద్యోగం పోతే సోడాబుడ్డి ఇంకోటి వెతుక్కోగలడు, ఆమె చేత దొంగ అనిపించుకోవడం మాత్రం అతని వల్ల కాదు.

తర్వాతి మీటింగులో ఆమె లేచి, తప్పు మనిషిది కాదు, తాళాలదేనని తేల్చి చెప్పేసింది. కొత్త సిస్టమ్‌లో ఎవరూ ఎవరి కోసమూ ఆగక్కర్లేదంది. మేనేజరు అక్కడికక్కడే దానికి సరేనన్నాడు. బాబాయి నాలుక కరుచుకుని సోడాబుడ్డి భుజం తట్టాడు.

ఉద్యోగం నిలబడింది గానీ, సోడాబుడ్డి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఇక తాళాలుండవు, ఆమె రాదు. కాళ్లీడ్చుకుంటూ, మొదటిసారి తనే ఆమె సీటు దాకా వెళ్లాడు.

"ఆ ఫైల్లో నాకు అసలు పనే లేదండీ. మీరు వస్తారని తాళం వేశాను."

"తెలుసు," అంది ఆమె, నవ్వాపుకుంటూ. "సిస్టమ్ పెట్టింది నేనే కదండీ. ఎవరు వేసిన తాళాన్నయినా, మొదటిరోజు నుంచీ, ఈ కుర్చీలోంచి లేవకుండానే తీసేయగలను."