చుట్టకు నిప్పు

"ఓలమ్మీ కనకం! సుట్టకి కాసింత నిప్పెట్టవే!"

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ సామెత కట్టినవాడెవడో అసిరమ్మను చూసే కట్టి ఉంటాడు. కనకం మొగుడు బంగార్రాజు బిలాస్‌పూర్ రైలింజన్ల షెడ్డులో ఫైర్‌మన్. ఆ పాడు జ్వరాల ఏట మూడంటే మూడు రోజుల్లో పోయాడు. పన్నెండో రోజు అవగానే విజయనగరం చుట్టాలు బండెక్కేశారు. ఆ తర్వాత నాలుగు రోజులుగా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూడేళ్ల చిన్నతల్లి ఇక్కడివాళ్లు ముర్రా అనే మరమరాలు బొక్కి, నీళ్లు తాగి పడుకుంటోంది. కనకం అదీ తినడం లేదు.

అలాంటి ఇంటి గుమ్మంలో, తెల్లారకముందే ఈ ముసలి అసిరమ్మ! చేతిలో కుండపెంకు, చెవి మీద సగం కాలిన చుట్ట. వెనక లైను క్వార్టర్లలో ఉంటుంది. అంతవరకూ ముఖపరిచయమే.

"పొయ్యి ఎలిగించనేదత్తా," అంది కనకం, గోడవైపు తిరిగి పడుకునే.

"అచ్ఛా, అయితే ఎలిగించు. నాకేటి తొందర? కూకుంటాను."

కూర్చుంది కూడా. లైనులో మిగతావాళ్లు పొద్దున్నే ఆ గుమ్మం వైపు చూడడమే మానేశారు. డ్యూటీకి వెళ్లే మగవాళ్లకు విధవ ఎదురైతే కీడట. ఈమె మాత్రం జిడ్డులా పట్టుకుంది. విజయనగరం పక్క ముసలమ్మలు చుట్ట కాల్చడం వింతేమీ కాదు గానీ, ఇంత యావా? ఈమె కూడా మొగుడు పోయినదే. ఆ దుఃఖాన్ని ఎప్పుడో పొగలో ఊదేసినట్టుంది అనుకుంది కనకం. వదిలించుకోవడానికే లేచి, చితుకులు పేర్చి పొయ్యి రాజేసింది.

అసిరమ్మ రెండు నిప్పులు పెంకులో వేసుకుంది.

"ఇక్కడే కాల్చుకోరాదేటి?"

"గుంటకి పొగ పడదే," అంది అసిరమ్మ, చిన్నతల్లి వైపు చూసి. "అదిగో, ఒట్టి పొయ్యి మండీకూడదు. ఎలాగూ ఎలిగించినావు, గుంటకి కాసింత జావ కాసీ. రేపొత్తాను."

చిన్నతల్లి వేడి జావ ఊదుకుంటూ తాగింది. గిన్నె అడుగు నాకి, "ఇంకా" అంది. ఆ ఒక్క మాటకి కనకం గుండె పగిలింది. కూతుర్ని ఒళ్లో వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడూ వచ్చింది అసిరమ్మ. అగ్గిపెట్టె తడిసిపోయిందట. ఆ మర్నాడు పిల్లి పొయ్యిలో నీళ్లు ఒలకబోసిందట. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అసిరమ్మకు ఆ పట్టింపేమీ లేదు. చెవి మీద మాత్రం రోజూ సగం చుట్టే. రెండో సగం ఎప్పుడు తగలేస్తుందో ఆ భగవంతుడికే తెలియాలి.

ఇంకో రోజు షెడ్డు నుంచి ఎవరో బంగార్రాజు అన్నం డబ్బా తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లారు. మూత తీస్తే అడుగున ఎండిపోయిన మెతుకులు. అప్పుడే వచ్చింది అసిరమ్మ నిప్పుకి.

కనకం అరిచేసింది. "నా బతుకు బూడిదైపోతే నీకు సుట్ట కావాలేటి? మీ ఇంట పొయ్యి నేదా? రేపు రాకు! రేపు ఈ ఇంట నిప్పూ ఉండదు, మనిషీ ఉండదు! అరప ఏట్లో కావలసినన్ని నీళ్లున్నాయి!"

ముసలిది కోప్పడలేదు. కనకం మొహంలోకే చూసింది.

"ఉన్నాయే. నాకూ తెలుసు," అంది నెమ్మదిగా. "ఎల్తే ఎల్లు. గానీ రేపు పొద్దున్న నాకు నిప్పిచ్చి ఎల్లు."

ఆ సాయంత్రం పొయ్యి ఆర్పబోయి కనకం ఆగింది. రేపు ఆ ముసలిది వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది, ఛస్తే లేవదు. తిట్టుకుంటూనే నిప్పుల మీద బూడిద కప్పింది. మర్నాటి సాయంత్రమూ కప్పింది. అలా ఇరవై రోజులు బతికింది.

ఇరవై ఒకటో రోజు అసిరమ్మ రాలేదు.

డ్యూటీ వేళైందని షెడ్డు భోంపూ మోగింది. పీడా పోయింది అనుకుంది కనకం. కానీ కాలు నిలవలేదు. రెండుసార్లు గుమ్మంలోకి వెళ్లి చూసింది. చివరికి పెంకులో నిప్పులు వేసుకుని, చిన్నతల్లిని చంకనెత్తుకుని బయలుదేరింది. డ్యూటీకి పోయేవాళ్లు ఎదురై మొహం తిప్పుకున్నారు. ఒకడు ఉమ్మేసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె ఆగలేదు.

వెనక లైనులో అసిరమ్మ కొడుకు అప్పారావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అమ్మకి జొరం సెల్లీ. భయం నేదు, సెమట పట్టీసినాది. నిద్రోతంది."

కనకం లోపలికి తొంగి చూసింది. పొయ్యి భగభగా మండుతోంది. గూట్లో రెండు అగ్గిపెట్టెలు. పడుకున్న అసిరమ్మ తల దగ్గర, ఉతికిన గుడ్డలో పొదివిపెట్టి, ఆ సగం చుట్ట.

"అత్త సుట్టకి నిప్పు తెచ్చినాను," అంది కనకం, పెంకు చూపించి.

అప్పారావు వింతగా చూశాడు. "సుట్టేటి సెల్లీ? మాయమ్మ జన్మలో సుట్ట ముట్టనేదు."

"మరి అదేటన్నా?"

"అదా? మాయయ్యది. ఆకరి రోజు డ్యూటీకి ఎల్తా, వచ్చి తాగుతానని సగంలో ఆర్పి ఒగ్గీసినాడు. పదకొండేళ్లయినాది, ఇప్పటికీ దాని దరికి నిప్పు రానివ్వదు."