మైనపుగుడ్డ మూట

“రేపు పదింటికల్లా పాత కాగితం ఏదైనా చూపించాలి మాస్టారూ. లేకపోతే కొల్లేట్లో అక్రమంగా వేసిన చేపల చెరువుల గట్లతో పాటు మీ చర్చి కూడా కూల్చేవాటి జాబితాలోకి వెళ్ళిపోతుంది” అన్నాడు సర్వేయరు గంగాధరరావు, టేపు చుట్టుకుంటూ.

“తొంభై ఏళ్ళ లూథరన్ సంఘమండీ మాది! పదకొండు కుటుంబాలు బాప్తిస్మం తీసుకుని, మట్టి మోసి కట్టుకున్నారు. మిషన్ దొరగారు స్వయంగా సంతకం పెట్టారు.”

“ఆ సంతకమే చూపించండి, రాసుకుంటాను. నోటిమాట రాయలేను కదండీ.”

ఏసోబు మాస్టారు తిన్నగా యేసమ్మ ఇంటికి నడిచాడు. చర్చి తాళాలు దాచే ముసలమ్మ ఆవిడే. సంఘం పుట్టుపూర్వోత్తరాలన్నీ, దొరగారి సంతకంతో సహా, బాప్తిస్మాల రిజిస్టరులో ఉన్నాయి. దాన్ని నలభై ఏళ్ళు కాపాడినవాడు మాస్టారి తండ్రి, ఆ ఊరి చర్చిలో వాక్యం చెప్పిన ఉపదేశి. కొల్లేటి చెమ్మంటే ఆయనకు మహా భయం. ముసురు పడితే చాలు, పుస్తకమన్నదాన్నల్లా మైనపుగుడ్డలో చుట్టి కట్టేసేవాడు.

యేసమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి మూట తీసింది. “మీ నాన్నగారిని సాగనంపిన రోజు నువ్వే ఇచ్చావు నాయనా, రిజిస్టరు భద్రం అని. ముప్పై ఏళ్ళు ముడైనా విప్పలేదు.”

“బతికించావు పెద్దమ్మా!”

“ఆ రోజు ఏం వానయ్యా! శవపెట్టెలోకి నీళ్ళు కారిపోతున్నాయి.”

“బైబిలు లేకుండా ఉపదేశిని ఎలా పంపుతాం? గుడ్డ విప్పితే తడుస్తుందని అలాగే గుండెల మీద పెట్టాను.”

తండ్రికి తను సక్రమంగా చేసిన పని అదొక్కటేనని మాస్టారి నమ్మకం. ఆయన్ని పాతిపెట్టిన సమాధుల దిబ్బ కూడా చేపల చెరువులో కలిసిపోయి పన్నెండేళ్ళయింది. అప్పుడు సంఘంవాళ్ళు చూస్తూ ఊరుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయారు. ఈసారి అలా కానివ్వనని, ముడి సర్వేయరు కళ్ళముందే విప్పాలని మూటను ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాడు.

పొద్దున పొక్లెయిన్ గట్టు మీదికి వచ్చింది. సంఘంలో ఇప్పుడున్న ఇరవై కుటుంబాలూ చర్చి ముందు గుమిగూడాయి. గంగాధరరావు పెన్ను తెరిచాడు. “కానివ్వండి మాస్టారూ. మీ చర్చి మిగిలితే నాకూ సంతోషమే.”

“మొదటి పేజీలోనే పదకొండు పేర్లూ ఉంటాయండీ” అంటూ ఏసోబు మాస్టారు బ్లేడుతో తాడు కోసి, గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పాడు.

అది తండ్రి బైబిలు.