పడుకున్నా ట్రయాంగిలే

తల్లి ఒళ్ళో ఉన్న అట్టముక్కలు జారి నేలమీద చెల్లాచెదురుగా పడ్డాయి.

నర్సరీ స్కూలు ఆఫీసు ముందుగది అది. ఇంకాసేపట్లో హెడ్ టీచరు లోపలికి పిలుస్తుంది.

"తియ్యవే బుజ్జీ. తీస్తూ పేర్లు చెప్పు."

మూడున్నరేళ్ళ బుజ్జి వంగి ఒక్కొక్కటే తీసింది. "సర్కిల్... స్క్వేర్..."

మూడోది పట్టుకుని ఆగింది. "ఐస్‌క్రీమ్ కోను!"

"ఐస్‌క్రీమేంటే నా తల్లీ! ట్రయాంగిల్ కాదూ?"

"కాదు. ట్రయాంగిల్‌కి ముక్కు పైకుంటుంది."

తల్లి ఆ ముక్కని తిప్పి పట్టుకుంది. "ఇప్పుడు?"

"ట్రయాంగిల్!"

"అదీ!" తల్లి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఆమె పనిచేసే ఆఫీసు ఈ స్కూలుకి ఎదురుగానే ఉంది. పాపకి సీటొస్తే సోమవారం మళ్ళీ ఉద్యోగంలో చేరుతుంది. రాకపోతే రాజీనామా ఇచ్చెయ్యాల్సిందే. అందుకే వంటింటి గోడకి చార్టు అంటించి, గరిటె తిప్పుతూనే ఇన్నాళ్ళూ పాఠం చెప్పింది.

"తిరగేసి అడిగితేనో, అమ్మాయ్?"

ఎదురు కుర్చీలోంచి ఒక పెద్దావిడ. మోకాలికి పట్టీ. వెంట పిల్లలెవరూ లేరు. సొంతింట్లో కూర్చున్నట్టు కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇక్కడి ఆయా అయి ఉంటుందనుకుంది తల్లి.

"తిరగేసి ఎవరడుగుతారండీ?"

పెద్దావిడ నవ్వి చెయ్యి చాపింది. "ఇలా రా బంగారం. నీ పేరేంటి?"

"బుజ్జి."

"పడుకున్నప్పుడు?"

"బుజ్జే!"

"మంచమ్మీంచి తలకిందులుగా వేలాడితే?"

"అప్పుడూ బుజ్జే! కానీ అమ్మ తిడుతుంది."

"తిట్టదూ మరి!" పెద్దావిడ ఆ అట్టముక్కని ముక్కు కిందికి వచ్చేలా ఒళ్ళో పెట్టుకుంది. "ఇదీ అంతే. పడుకుంటే దీని పేరు మారిపోతుందా, పాపం? మూలలు ముట్టుకో."

బుజ్జి ఒక్కో మూలనీ వేలితో పొడిచింది. "ఒకటి, రెండు, మూడు."

"తిప్పి మళ్ళీ ముట్టుకో."

"మూడే!"

తల్లికి ఒళ్ళు మండింది.

"పిలిచే వేళకి కొత్తవి చెప్పి దాన్ని గాభరా పెట్టకండి. మీకు పొద్దుపోకపోతే వేరే ఎవరితోనైనా ఆడుకోండి."

పాపని రెక్క పట్టుకుని గదిలో ఆ చివరి కుర్చీకి మారిపోయింది.

"అలాగేనమ్మా," అంది పెద్దావిడ. కిటికీలోంచి బయట ఉయ్యాల వైపు చూస్తూ ఉండిపోయింది.

లోపల హెడ్ టీచరు చార్టు తియ్యలేదు. కొయ్య పెట్టెలోంచి సన్నగా పొడుగ్గా ఉన్న చెక్కముక్క ఒకటి తీసి, ముక్కు కిందికి ఉండేలా బల్లమీద పెట్టింది.

తల్లి కుర్చీ అంచుకి జరిగింది.

బుజ్జి మెడ వంచి చూసింది. వేలితో మూలలు పొడిచింది.

"ట్రయాంగిల్."

"అలా తలకిందులుగా ఉంది కదా?"

"పడుకున్నా ట్రయాంగిలే. పేరు మారదు. నేను పడుకున్నా బుజ్జినే!"

హెడ్ టీచరు పకపకా నవ్వింది. "చార్టులో చూసి బట్టీపట్టిన పిల్లలంతా ఇక్కడే తడబడతారు. దీనికి ఎవరమ్మా నేర్పింది?"

"నేనేనండీ," అనేసింది తల్లి.

బుజ్జి తలెత్తి అమ్మ మొహంలోకి చూసింది.

సీటొచ్చింది. కాగితాల మీద సంతకాలు పెడుతున్నంతసేపూ ఆ చూపు తల్లిని గుచ్చుతూనే ఉంది.

ముందుగదిలోకొచ్చేసరికి ఎదురు కుర్చీ ఖాళీ.

"మీ ఆయా ఏదండీ?" అని క్లర్కమ్మని అడిగింది. "మోకాలికి పట్టీ ఉందే, ఆవిడ. ఒక్క మాట చెప్పాలి."

"ఆయా ఏంటండీ! ఉన్న ఒక్క సీటూ నిండిపోయిందని ఆవిడకి ఇప్పుడే చెప్పాను. మనవణ్ణి ఉయ్యాల దింపుకుని వెళ్ళిపోయింది."

"మనవడా?"

"మీ పాప తర్వాత వాడిదే వంతు. వాళ్ళమ్మ పనికి పోతుందట, పగలంతా వాడు ఈవిడ దగ్గరే. ఈ మోకాళ్ళతో వాడి వెనక పరిగెత్తలేకపోతున్నానని రోజూ వచ్చి అడిగేది."

తల్లి గేటు దాకా పరిగెత్తింది. వీధి నిండా జనం. మలుపులో బస్సు ఒకటి అప్పుడే కదిలింది. పట్టీ కట్టిన మోకాలు ఎక్కడా కనిపించలేదు.

నెమ్మదిగా వెనక్కి వచ్చింది.

"పాపం... ఒక్క సీటే ఉందని ఆవిడకి తెలియదేమో."

"మీరు అడగలేదు గానీ, ఆవిడ పొద్దున్నే అడిగి తెలుసుకుందండీ," అంది క్లర్కమ్మ ఫైలు మూస్తూ. "'ముందున్న పాప తప్పితేనే మీవాడికి సీటు' అని ఆవిడకి అప్పుడే చెప్పేశాను."