వాళ్ళ వైపు

"వంశపారంపర్యం అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. మిగతాది మా లాయరు చూసుకుంటాడు," అంది సంపూర్ణమ్మ, డాక్టరు శరత్‌చంద్ర బల్లని అరచేత్తో చరిచి.

ఆమె కొడుకు హరిబాబు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. కోడలు వెంకటదుర్గ కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ప్రసవమై నాలుగు నెలలు. మొదటి నెలంతా నిద్రలేకుండా పాటలు పాడింది. పెట్టెలో పట్టుచీరలన్నీ తీసి చేపలమ్మే మనిషికి ఇచ్చేసింది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది; బిడ్డ ఏడ్చినా లేవలేదు. పాలకొల్లు నుంచి రాజమండ్రి తీసుకొచ్చి మందులు మొదలుపెట్టాక, ఈ మూడు వారాల్లో తన జడ తనే వేసుకుంటోంది.

"అమ్మాయి కోలుకుంటోంది కదండీ. ఇప్పుడు సర్టిఫికెట్ ఎందుకు?"

"విడాకులకి. బాబుని మేం ఉంచుకుంటాం, వాడు మా వంశం. దీన్ని మొగల్తూరులో వాళ్ళ నాన్న దగ్గర దింపేస్తాం."

"అమ్మా, ఇంక ఊరుకో," అన్నాడు హరిబాబు.

"నువ్వు ఊరుకో. నీకు ఇంకో పిల్లని చూడాలా వద్దా?"

డాక్టరు మొహం ఎర్రబడింది. తెల్లకాగితం లాక్కుని మధ్యలో నిలువుగీత గీశాడు.

"వంశపారంపర్యం అని రాయాలంటే ముందు వంశం గీయాలి. ఎడమవైపు అమ్మాయి తాలూకు, కుడివైపు అబ్బాయి తాలూకు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా. జబ్బు ఉన్నవాళ్ళని నల్లగా నింపుతాను. చెప్పండి."

సంపూర్ణమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"రాసుకోండి. దీని నాయనమ్మ. తిండీ నిద్రా మానేసి ఇల్లు అలికేది. అలికిందే మళ్ళీ అలికేది, వేళ్ళు రక్తం కారేదాకా. తర్వాత నెలల తరబడి మంచం దిగేది కాదు. ఆఖరికి ఒకరోజు కాలవలో దిగిపోయింది."

డాక్టరు ఒక సున్నా నలుపు చేశాడు.

"దీని చిన్నాన్న. కొట్టుగదిలో పెట్టి తాళం వేసేవారు. అన్నంలో విషం కలిపారనేవాడు. పెట్టినవాళ్ళు ముందు ఒక ముద్ద తింటేగానీ ముట్టేవాడు కాదు."

ఒక చదరం నల్లబడింది.

"దీని నాయనమ్మకి ఒక అక్క. అద్దంలో మనిషితో పోట్లాడుతూ కూర్చునేది. చూశారా ఎంత కంపో. అలాంటి ఇంటి పిల్లని మా నెత్తిన రుద్దారు."

దుర్గ తలెత్తింది. "మా నాన్న ఎదురుగా అనగలరా అత్తయ్యా, ఈ మాట?"

"ఎస్టీడీ చేసి మరీ అంటాను. మీ నాన్నంటే నాకేం భయం?"

డాక్టరు పెన్ను బల్లమీద పడేశాడు. "ఇంట్లో నలుగురికి ఉన్నంత మాత్రాన ఐదోవాళ్ళకి వచ్చి తీరాలని లేదండి. ఆస్కారం ఎక్కువ, అంతే. వచ్చినా మందులున్నాయి. బీపీ వచ్చిందని మిమ్మల్ని ఎవరైనా పుట్టింట్లో దింపేశారా? కానివ్వండి, కుడివైపు చెప్పండి."

"మావైపు ఎవరూ లేరు. మా మావగారు ఎనభైరెండో ఏట కూడా కళ్ళజోడు లేకుండా పేపరు చదివేవారు. ఆయన అన్నదమ్ములందరూ నిక్షేపంలాంటి మనుషులు."

"మీ పుట్టింటివైపు?"

"దాంతో ఏం పని? మెడలో తాళి పడ్డాక ఆడదానికి అత్తింటి గోత్రమే. ముప్ఫై ఏళ్ళనుంచి నేను ఈ ఇంటి మనిషిని. ఎవరూ లేరని రాయండి."

హరిబాబు తన చెప్పులకేసి చూసుకున్నాడు.

దుర్గ నవ్వింది. మూడు నెలల్లో అదే మొదటిసారి. అందులో సంతోషం లేదు.

"చూడండి, మళ్ళీ మొదలైంది," అంది సంపూర్ణమ్మ.

"మా నాయనమ్మ పోయిన రోజు సంగతి అడగండి డాక్టరుగారూ," అంది దుర్గ. "నేను అప్పటికి పుట్టలేదు. అత్తయ్యకి బాగా తెలుసు."

డాక్టరు సంపూర్ణమ్మ వైపు తిరిగాడు. "మీరు అక్కడున్నారా?"

"ఉండక ఎక్కడికి పోతానండి?" సంపూర్ణమ్మ కోపంగా అరిచింది. "పదిహేనేళ్ళదాన్నని కూడా చూడకుండా, గట్టుమీదికి లాక్కొచ్చి మా అమ్మ తల నా ఒళ్ళోనే పెట్టారు."