హెట్టీ గారికి తెలియని కేకు

"మనిషేరమ్మా?"

కేకు పెట్టెతో బేకరీలోంచి బయటికొచ్చిన నోరీన్ గతుక్కుమంది. ఆమె తోలుకొచ్చిన వృద్ధాశ్రమం వ్యాన్ ముందు పార్కింగ్ వార్డెన్ క్లైవ్ నిలబడి, అద్దం వెనకున్న నీలిరంగు వికలాంగుల పర్మిట్ వంక చూస్తున్నాడు.

"ఏ మనిషి బాబూ? పర్మిట్ మా ఆశ్రమానిదే. పేరుంది చూడు."

"పేరు చూశాను. నడవలేనివాళ్లను తీసుకొస్తేనే ఇక్కడ ఆపాలి. కేకుల్ని తీసుకెళ్లడానికి కాదు."

స్కిప్టన్ ఊళ్లో సంత రోజు. పైగా వాన. ఎక్కడా సందు లేక, ఒక్క నిమిషమేగా అని వికలాంగులకు కేటాయించిన చోట ఆపేసింది. ఇప్పుడు దొంగకు తేలు కుట్టినట్టయింది.

"రేపు మా హెట్టీ గారికి తొంభై నిండుతాయి. ఆవిడకు తెలియకుండా కేకు కొందామని..."

"ఆవిడెక్కడ?"

బేకరీలో ఉందని చెబుదామనుకుంది. నోరు రాలేదు. "ఆశ్రమంలో. టీ తాగుతూ ఉంటుంది."

"అయితే పర్మిట్ ఇలా ఇవ్వండి."

నోరీన్ కేకు పెట్టెను గుండెకు హత్తుకుంది. పర్మిట్ పోతే ఆశ్రమంలోని ముసలివాళ్ల గురువారం షికారు పోయినట్టే. చక్రాల కుర్చీలను ఎక్కడినుంచని తోసుకొస్తుంది? వాళ్లు వారమంతా ఎదురుచూసేది దానికోసమే. పాడు తొందర! ఆమెకు ఏడుపొచ్చింది.

"జరిమానా నాకు వెయ్యి బాబూ. వాళ్ల సరదా మాత్రం లాక్కోకు."

"రూలు రూలేనమ్మా."

వ్యాన్ అద్దం మీద లోపలినుంచి ఎవరో టకటకా కొట్టారు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వెనక సీట్లో దుప్పటి కదిలింది. ముందు ఊతకర్ర, తర్వాత ఉన్నిటోపీ, ఆ తర్వాత హెట్టీ గారి బోసినవ్వు బయటపడ్డాయి.

"మనిషి కావాలన్నావుగా నాయనా, ఇదిగో!"

క్లైవ్ పగలబడి నవ్వాడు. పెన్ను జేబులో పెట్టేసి, తనే తలుపు తీసి చెయ్యందించాడు. నోరీన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మీరెప్పుడెక్కారండీ?"

"టీ మానేసి మరీ ఎక్కానే!"

"ఎందుకండీ ఈ వయసులో దొంగాటలు?"

హెట్టీ గారు కేకు పెట్టె మూత ఎత్తి చూసి, మూతి ముడిచి, క్లైవ్ చెయ్యి పట్టుకుని బేకరీ వైపు తిరిగారు.

"ఏటేటా నాకు తెలియకుండా నువ్వు తెచ్చే ఈ నిమ్మకాయ కేకు తినలేక చస్తున్నానే తల్లీ! పద, ఈసారి చాక్లెట్‌ది నేనే ఎంచుకుంటాను."